నల్ల బండిలో ముందు సీటు

ఆ బండిలో నేను తొమ్మిదేళ్ళు వెనక కూర్చున్నాను. పద్నాలుగు నెలలు ముందు కూర్చున్నాను. వెనక కూర్చున్నంత కాలం ఎవరికీ ఏమీ కాలేదు.

నన్ను వెనక నుంచి ముందుకు ఎందుకు మార్చాడో మా ఆయన చెప్పలేదు. తర్వాత నాకే తెలిసింది. తెలిసిన రోజున నోరు విప్పి ఉంటే, ఒక అమ్మాయి ఇవాళ కుంటకుండా నడిచేది. రాయాలనుకున్నది అదే. బండి పేరు రాయను. బండి తప్పేమీ లేదు.

మేం ఉండేది టెక్సస్‌లో, కాపెల్ అనే ఊళ్ళో, ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో. మా ఆయన అక్క ఈ దేశంలో నర్సుగా పనిచేసేది. ఆమె మా కోసం వీసా పేపర్లు వేసిన ఎన్నో ఏళ్ళకు, నడివయసులో ఇక్కడికి వచ్చాం. పిల్లలు లేరు. ఆయనకు తెలిసిన పని డ్రైవింగ్ ఒక్కటే. హైదరాబాద్‌లో ఒక ఆఫీసరు బండి నడిపాడు. ఇక్కడ ఎయిర్‌పోర్ట్‌కు నల్ల బండ్లు తిప్పే ఒక చిన్న సంస్థలో చేరాడు. నల్ల సూటు, నల్ల టై, చేతిలో ప్యాసింజర్ పేరు రాసిన అట్ట. నేను ఇంట్లో చపాతీలు, పచ్చళ్ళు, కారప్పొడులు చేసి సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళకు ఇచ్చేదాన్ని. ఏ డబ్బాలో ఏముందో మూత మీద ఆయనే రాసేవాడు. అప్పట్లో నాకు అక్షరం రాదు.

ఆ సంస్థలో బండ్లన్నీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి. ముందు పడవలా పొడుగు, వెనక డిక్కీ ఒక గదంత. ఇక్కడి పెద్దవాళ్ళు ఎక్కే బండి అని దానికి పేరు. కొన్నాళ్ళకు జనం ఎత్తు బండ్ల మీద పడ్డారు. కంపెనీ ఆ మోడల్‌ని ఆపేసింది. మా ఆయన పనిచేసే సంస్థ కూడా ఎత్తు బండ్లు కొని, పాతవి అమ్మకానికి పెట్టింది. ఏళ్ళ తరబడి తను నడిపిన బండినే ఆయన కొనుక్కొచ్చాడు.

గుడి పార్కింగ్‌లో పూజ చేయించాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. పంతులుగారు పసుపు తడిపి బానెట్ మీద స్వస్తిక్ వేయబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"రంగు ఖరాబైతది అయ్యగారూ. అద్దం మీద వెయ్యండి."

"అద్దం మీద వేస్తే నీకు రోడ్డెలా కనపడుతుందయ్యా?"

"నాకు రోడ్డు చూసే పని లేదు. బండికే తెలుసు" అన్నాడు మా ఆయన. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పూజ అయ్యాక నేను ముందు తలుపు తీసుకున్నాను. ఆయన వచ్చి ఆ తలుపు మూసేశాడు. బండి వెనక నుంచి చుట్టూ తిరిగి, అవతలివైపు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. ప్యాసింజర్‌కు తలుపు తీసేవాడు ఎప్పుడూ బండి వెనక నుంచే తిరిగి రావాలట, ముందు నుంచి రాకూడదట. తలుపు పైచట్రానికి అరచెయ్యి ఆనించాడు. ఎక్కేవాళ్ళ తలకు తగలకుండా అలా పెట్టాలి. అది ఆ పనిలో పద్ధతి.

"కూర్చో" అన్నాడు.

"నీ పక్కకు కూర్చుంట గద."

"ముందు సీటు ఎవరిదో ఎరికేనా? సూట్‌కేసులు ఎక్కువైతే పెట్టేటందుకు. మనిషి కూర్చునేది ఎనకనే. నువ్వేమన్న సూట్‌కేసువా?"

మా ఊళ్ళో దొరగారి జీపు వస్తుంటే మా నాయన చెప్పులు చేతిలో పట్టుకుని పక్కకు నిలబడేవాడు. ఆ రోజు ఆ తోలు సీట్లో కూర్చుంటే నాకు మా నాయన గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ముందున్న అద్దంలో మా ఆయన చూశాడు. రేడియో పెట్టాడు.

ముసలి బండి. దాని వెనక భాగం గాలి తిత్తుల మీద నిలబడేది. రాత్రంతా గాలి దిగి, పొద్దునకు బండి కూలబడి ఉండేది. తాళం తిప్పితే లోపల ఏదో గుర్రుమనేది, వెనక భాగం మెల్లగా పైకి లేచేది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచే ముసలావిడలా ఉందని నేను అనేదాన్ని. మా ఆయనకు ఆ మాట నచ్చేది కాదు.

రిటైరయ్యాక కూడా ఆయన ఎయిర్‌పోర్ట్ మానలేదు. చుట్టుపక్కల తెలుగువాళ్ళు తమ అమ్మానాన్నలు మొదటిసారి వస్తుంటే ఆయనకే ఫోన్ చేసేవాళ్ళు. "అంకుల్, సాటర్డే మా పేరెంట్స్ ల్యాండ్ అవుతున్నారు. మీ బండే పంపండి. నాన్నగారికి ఫొటో కావాలి." ఆ బండి పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడం ఒక ఆనవాయితీ అయిపోయింది. డిక్కీలో పెద్ద సూట్‌కేసులు నాలుగు పట్టేవి, పచ్చడి జాడీలకు ఇంకా చోటుండేది. వచ్చే పెద్దవాళ్ళకు తోడుగా నన్నూ తీసుకెళ్ళేవాడు. వాళ్ళు వెనక కూర్చుంటే నేను సూట్‌కేసుల చోట ముందు కూర్చునేదాన్ని. వాళ్ళను దింపగానే మళ్ళీ వెనక్కి.

ఆ పెద్దవాళ్ళకు దారి పొడుగునా బండి చరిత్ర చెప్పేవాడు. పాత సంస్థలో ఒక పెద్ద డ్రైవర్ దగ్గర విన్నదంతా.

"ఈ కంపెనీ మొదట్ల బండ్లు చెయ్యలేదండి. మొదటి ప్రపంచ యుద్ధంల విమానాలకు ఇంజన్లు చేసింది."

గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన వెంటనే అన్నాడు. "అయితే విమానం దిగి మళ్ళీ విమానమే ఎక్కామన్నమాట. నా నడుం సంగతి ఎవరికీ పట్టదు."

"ఊరుకోండి, ఆయన్ని చెప్పనివ్వండి" అంది ఆయన భార్య. "ఇంత పొడుగు బండి ఎందుకు బాబూ? పెళ్ళివారిని ఎక్కించుకోడానికా?"

"ప్రెసిడెంట్లను ఎక్కించుకునేటందుకండి. కంపెనీ పెట్టిన ముసలాయన నడపలేక దివాళా తీసిండు. ఇంకో పెద్ద కంపెనీ కొన్నది. ఆ కొన్నోళ్ళ కొడుకు మంచి కళ తెలిసినోడు. ఆయన చేతిల బండికి అందం వచ్చింది. సినిమావాళ్ళు, ప్రెసిడెంట్లు అందరు ఇదే ఎక్కిండ్రు. ఇప్పుడు మీరు ఎక్కిండ్రు."

ఆ చివరి మాటకు ఎంతటివాళ్ళైనా సీట్లో కొంచెం నిటారుగా కూర్చునేవాళ్ళు. ఆయన వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. ఇక్కడ శవాలను మోసే బండ్లు కూడా చాలావరకు ఆ కంపెనీవే. అది నాకొక్కదానికే చెప్పాడు.

నాకు చదువు నేర్పింది ఆ బండే. వారానికోసారి నేను దాన్ని తుడిచేదాన్ని. డిక్కీ మీద కంపెనీ పేరు లోహపు అక్షరాలతో ఉండేది. గుడ్డ వేలికి చుట్టుకుని ఒక్కో అక్షరం సందుల్లో మట్టి తీస్తుంటే ఆయన పక్కన నిలబడి, ఇది ఫలానా, ఇది ఫలానా అనేవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో మొదట నాకు వచ్చినవి అవే. మిగతావి బండిలో ఉండే పుస్తకంలో చూపించాడు. బండి ఎలా నడపాలి, ఏ మీట ఎందుకు అని కంపెనీవాళ్ళు ఇచ్చే లావుపాటి పుస్తకం అది. తెలుగు తర్వాత నేర్చుకున్నాను, గుడిలో ఆదివారం పిల్లల క్లాసులో, చివరి బెంచీ మీద. నా ముందు బెంచీలో ఆరేళ్ళ పాప వెనక్కి తిరిగి, "ఆంటీ, యూ ఆర్ లేట్" అంది. క్లాసుకా, చదువుకా అని నేను అడగలేదు.

అప్పటికి నాకు యాభై ఆరు దాటాయి. పచ్చడి డబ్బాల మీద పేర్లు నేనే రాయడం మొదలుపెట్టాను.

ఒకరోజు కూరగాయలకు బయల్దేరుతుంటే మా ఆయన వెనక తలుపు తీయలేదు. ముందు తలుపు తీశాడు.

"ఇక్కడ కూర్చో ఇయ్యాల్టి సంది. ఎనక కూర్చుంటే నీకు బోర్డులు కనబడవు. చదువు మంచిగ రావాలంటే రోడ్డు మీది బోర్డులు చదవాలె. పైకి చదువు, నేను వింట."

నేను చదివాను. ఎగ్జిట్ అని, స్టాప్ అని, వీధుల పేర్లు, స్కూలు దగ్గర ఎంత స్పీడో ఆ అంకె. మొదట్లో ఒక బోర్డు చదివేలోపు బండి దాన్ని దాటిపోయేది.

"జెర తొందరగ."

"ఉరుకుతుంటే ఎట్ల చదువుత? బండి ఆపు."

"హైవే మీద ఆపుతరా? నీ కోసం రోడ్డుకు సెలవిస్తరా?"

నెలన్నరలో తొందర వచ్చింది. దూరం నుంచే చదివేదాన్ని. సిగ్నల్ రంగు కూడా చెప్పమనేవాడు. రంగుల పేర్లు ఇంగ్లీషుల నోటికి రావాలంటే పైకి అనాలె అనేవాడు. నేను గ్రీన్ అంటే బండి కదిలేది. అంతకుముందు మేం బండిలో గంటల తరబడి మాటల్లేకుండా కూర్చునేవాళ్ళం. ఇప్పుడు నా నోరు మూత పడేది కాదు.

ఏడెనిమిది నెలలు గడిచాక ఒక రోజు పెట్రోలు కొట్టించడానికి ఆగాం. ఆయన పైసలు కట్టడానికి లోపలికి వెళ్ళాడు. చదువుకుందామని ముందు అర తెరిచి బండి పుస్తకం తీశాను. మధ్యలో మడిచిన కాగితం ఒకటి ఉంది. పైన కంటి డాక్టరు క్లినిక్ బొమ్మ, ఒక కన్ను. మా ఆయన పేరు నేను చదవగలను. తేదీ చదవగలను. నన్ను ముందు సీటుకు మార్చిన రోజుకు వారం ముందుది. మధ్యలో చాలా మాటలు నాకు రాలేదు. షుగర్ వల్ల అన్నట్టు ఒక మాట తెలిసింది. చివర పెద్ద అక్షరాల్లో ఉన్నవి మాత్రం తెలిశాయి. 'డు నాట్' అన్నది ప్రతి రోడ్డు మీదా ఉంటుంది, లోపలికి రావద్దనే ఎర్ర బోర్డు మీద. 'డ్రైవ్' అన్నది ఇంటి ముందు వీధి పేరులోనే ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. ఇంకోసారి చదివాను.

అద్దంలోంచి చూస్తే ఆయన వస్తున్నాడు. ఒక చెయ్యి కొంచెం ముందుకు చాచి, పంపు స్తంభాన్ని వేళ్ళతో తాకి, అక్కడి నుంచి బండి దాకా అడుగులు లెక్కపెడుతున్నట్టు వస్తున్నాడు. ఎన్నాళ్ళుగా అలా నడుస్తున్నాడో నాకు తెలియదు. నేను బోర్డులు చూస్తున్నాను, ఆయన్ను చూడలేదు.

కాగితం మడిచి పుస్తకంలో పెట్టాను. పుస్తకం అరలో పెట్టాను.

కొంత దూరం పోయాక అడిగాను. "ఏమయ్యా, గా బోర్డు నువ్వు చదువు ఒక్కసారి."

"నేనెందుకు? చదువు నేర్చుకునేది నువ్వా, నేనా?"

నేను చదివాను. ఆ తర్వాత కూడా చదువుతూనే ఉన్నాను.

ఎందుకు చెప్పలేదంటే మూడు కారణాలు రాయగలను. ఈ ఊళ్ళో బండి లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేం. అది ఒకటి. తాళంచెవి తీసుకుంటే ఆయన ఏమవుతాడో అన్న భయం రెండోది. మూడోది రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ అసలుది అదే. నేను ఎడమ అంటే అంత పెద్ద బండి ఎడమకు తిరిగేది. నా మాట మీద నా మొగుడు కదలడం నా పెళ్ళయ్యాక అదే మొదలు. నాకు బాగుండేది.

ఎయిర్‌పోర్ట్ పనులు ఆయనే తగ్గించాడు. 'ఓపిక లేదు' అనేవాడు. బాగా తెలిసిన దారుల్లోనే వెళ్ళేవాళ్ళం. ఇక్కడి దారులన్నీ ఆయనకు కొట్టిన పిండి. నాకూ ధైర్యం వచ్చేసింది. కళ్ళు నావి, చేతులు ఆయనవి, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ అమ్మాయి గురించి చెప్పాలి. రాజమండ్రి దగ్గర నుంచి ఎంఎస్ చదవడానికి వచ్చింది. దిగిన రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చింది మా ఆయనే. ఫ్లైట్ దిగి ఏడుస్తుంటే నేను పులిహోర పెట్టాను. బండి చరిత్ర మొత్తం విని, "అంకుల్, అంటే ఇప్పుడు నేను ప్రెసిడెంట్‌నా?" అంది. మాకు రెండు వీధుల అవతల ముగ్గురు అమ్మాయిలతో అద్దెకు ఉండేది. వాళ్ళకు కారు లేదు. ఇండియన్ స్టోర్‌కు నడిచి వెళ్ళి, సంచులు మోసుకుంటూ వచ్చేది. దారిలో కనబడి నేను చెబితే మా ఆయన బండి పక్కకు ఆపి, "ఎక్కు బిడ్డా" అనేవాడు. రోడ్డు పక్కన నడిచే దారి లేని చోటది. అందుకే ఆ పిల్లకు అలవాటైపోయింది. పొడుగాటి నల్ల బండి దూరంగా కనిపిస్తే చాలు, చెయ్యి ఊపుతూ అంచు దిగి రోడ్డు మీదికి వచ్చి నిలబడేది. ఆ ఊళ్ళో అలాంటి బండి ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం ఎండ ఎదురుగా ఉంది. స్టోర్ దాటాక కొత్తగా రోడ్డు పని మొదలైంది. నారింజ రంగు బోర్డులు పెట్టారు. అంతకుముందు లేని బోర్డులు. నాకు కంగారొచ్చింది. తలెత్తి మొదటిది చదివాను. "రైట్ లేన్ క్లోజ్డ్." ఆయన ఎడమకు జరపలేదు. "ఎంత దూరంల? రాసిఉంటది, చూడు" అన్నాడు. నేను రెండో బోర్డు కోసం పైకి చూశాను. పైకే చూస్తున్నాను.

చప్పుడు పెద్దదేమీ కాదు. తర్వాత అద్దం నిండా తెల్లగా పడింది. పాల డబ్బా పగిలింది.

బండి ఆగింది. మా ఆయన స్టీరింగ్ వదల్లేదు. నా వైపు తిరగకుండా చిన్న గొంతుతో అడిగాడు. "ఏంది? ఏం తగిలింది?"

అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు ఎంత కనబడదో.

"పిల్ల" అన్నాను. "మన పిల్ల."

పోలీసులు వచ్చారు. ఎండ కళ్ళలో కొట్టిందని మా ఆయన చెప్పాడు. ఎండ నిజమే. పోలీసు నా వైపు తిరిగితే, ఆమెకు ఇంగ్లీషు రాదు, చదువు రాదు అని ఆయనే చెప్పాడు. పోలీసు తల ఊపి రాసుకున్నాడు. నేను పక్కన నిలబడి ఆ నారింజ బోర్డు చూస్తున్నాను. అక్కడి నుంచి రెండోది స్పష్టంగా కనబడుతోంది.

హాస్పిటల్‌లో ఆ పిల్ల ఎడమ కాలికి మోకాలి పైనుంచి కింది దాకా బయటికి ఇనుప ఊచలు ఉన్నాయి. నేను తెచ్చిన జావ రెండు చెంచాలు తాగింది.

"ఆంటీ, నేను చెయ్యి ఊపానండి. అంకుల్ స్లో చేస్తారనుకున్నాను. ఎప్పుడూ ఆపుతారు కదా."

నేను చెంచా పట్టుకుని కూర్చున్నాను.

"ఇన్సూరెన్స్ వాళ్ళు కాల్ చేశారు. నేనే సడన్‌గా రోడ్డు మీదికి వచ్చానంట, ఫాల్ట్ నాదేనంట. నిజమేలెండి, నేనే దిగాను. ఈ సెమ్ డ్రాప్ అవ్వాలి. మెడికల్ లీవ్ ఇస్తారంట కానీ ఎంతకాలం ఇస్తారో. వీసా స్టేటస్ పోతుందేమోనని భయంగా ఉంది." కొంచెం ఆగి, "అంకుల్ ఎలా ఉన్నారు? తింటున్నారా?" అని అడిగింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన సోఫాలో కూర్చుని ఉన్నాడు. దీపం వేసుకోలేదు. వేసుకున్నా ఆయనకు ఒకటేనని ఇప్పుడు నాకు తెలుసు.

"తప్పు పిల్లదే అంటున్నరట" అన్నాను.

"ఎండ కొట్టింది. పిల్ల దిగింది. గంతే."

"కాగితం చూసిన."

"ఏ కాగితం?"

"బుక్కుల పెట్టినది. కంటి డాక్టర్‌ది. ఎండాకాలం రాకముందే చూసిన."

ఆయన చెయ్యి సోఫా అంచును తడిమింది. తర్వాత అన్నాడు. "నీకు చదువు నేర్పింది గిందుకా?"

"నాకు నేర్పినవా, నీకోసం చదివించుకున్నవా?"

"మొదట్ల నీకోసమే" అన్నాడు. ఆ మాట నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. "రేపు ఇన్సూరెన్సోడు వస్తడు. ఎవరడిగినా చదువు రాదని చెప్పు. ఇన్నేండ్లు అదే చెప్పినవు గద. ఒక్కరోజు ఎక్కువ చెప్తే ఏం పోతది?"

మర్నాడు మధ్యాహ్నం మా ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి వచ్చాడు. మంచి మనిషి. చెప్పులు విప్పాలా అని అడిగాడు. బల్ల మీద ఫోన్ పెట్టి స్పీకర్ వేశాడు. అందులో తెలుగు చెప్పే ఒక ఆవిడ గొంతు, కోస్తావైపు మాట.

"అమ్మా, ఆయన అడుగుతున్నారు, మీవారికి కళ్ళు బాగా కనపడేవా అని. మీకు తెలిసినంతవరకు చెప్పండి చాలు."

"ఆమెకు ఏం తెల్వదు" అన్నాడు మా ఆయన సోఫాలోంచి. "చదువు రాదు ఆమెకు."

ఫోన్‌లో ఆవిడ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆ మనిషి రాసుకోబోయాడు. నాకు జావ చెంచా గుర్తొచ్చింది. తింటున్నారా అని అడిగిన ఆ గొంతు గుర్తొచ్చింది. లేచి, యాక్సిడెంట్ రోజే బండిలోంచి తెచ్చి దేవుడి పటం వెనక పెట్టిన కాగితం తీశాను. బల్ల ముందు నిలబడి ఇంగ్లీషులోనే చదివాను. రాని మాటలు వదిలేసి, వచ్చిన మాటలు చదివాను. ఆ మనిషి పెన్ను కింద పెట్టాడు. ఫోన్‌లో ఆవిడ మార్చి చెప్పాల్సింది ఏమీ లేదు.

తర్వాత ఆ మనిషి ఒక ప్రశ్న అడిగాడు. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "అమ్మా, ఈ కాగితం మీరు ఎప్పుడు చూశారు? యాక్సిడెంట్‌కి ముందా, తర్వాతా?"

నేను నోరు తెరిచాను. అంతలో మా ఆయన అన్నాడు. "తర్వాతనే. నిన్ననే చూసింది. నేనే చూపిచ్చిన. అంతకుముందు ఆమెకు తెల్వదు. తప్పు మొత్తం నాది, రాసుకోమను."

ఆయన నా వైపు చూస్తున్నాడు. ముఖం నాకు కొంచెం పక్కగా ఉంది. నేను అక్కడ ఉన్నాననుకుని గోడకేసి చూస్తున్నాడు.

"అవునా అమ్మా?" అంది ఫోన్‌లో గొంతు.

"అవును" అన్నాను.

కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఆఫీసు కాగితం మీద వేలిముద్ర కాకుండా సంతకం పెట్టడం అదే మొదటిసారి. అక్షరాలు కుదురుగానే వచ్చాయి. వాటి పైన రాసింది అబద్ధం.

తప్పు పిల్లది కాదని రాశారు. చికిత్స ఖర్చు ఆమె చేతి నుంచి పడలేదు. మా ఆయన లైసెన్స్ పోయింది, కోర్టుకు తిరిగాడు, ఒప్పుకున్నాడు. వయసు చూసి జైలు వెయ్యలేదు. బండిని తుక్కు యార్డుకు తోలుకుపోయారు. సామాను తీసుకోమంటే నేనొక్కదాన్నే వెళ్ళాను. గాలి దిగి కూలబడి ఉంది. తాళం తిప్పి లేపేవాళ్ళు లేరు. బానెట్ మీద పాలు ఎండి చారలు కట్టాయి. పుస్తకం తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఆయన కిటికీ పక్కన కూర్చుని బండ్ల చప్పుడు వింటాడు. వెళ్ళేది ఏ కంపెనీదో చప్పుడును బట్టి చెప్తాడు, నాకు కాదు, ఊరికే. నన్ను ఏదీ చదవమని అడగడు. డాక్టరు ఉత్తరాలు వచ్చినా అడగడు. నేనే చదివి వినిపిస్తాను. వింటాడు.

ఆ పిల్ల కాలు అతకలేదు సరిగ్గా. రెండుసార్లు కోశారు. అయినా పొట్టి పడింది. లీవ్ అయిపోయింది, చదువు అక్కడితో ఆగింది. తిరిగి వెళ్ళిపోతున్నానని ఆ పిల్ల ఫోన్ చేసింది. రూమ్మేట్లందరికీ క్లాసులున్నాయట. ఎయిర్‌పోర్ట్‌కు నేను తోడు వస్తానన్నాను.

ఫోన్‌లో బుక్ చేసిన క్యాబ్ వచ్చింది. కాలు చాపుకోవాలి కాబట్టి వెనక సీటంతా ఆమెకే. నేను ముందు కూర్చున్నాను. డ్రైవర్ ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు దారి చెప్తోంది. కుడికి తిరగమంటోంది, ఎగ్జిట్ వస్తోందంటోంది. నేను బోర్డులు చూడకుండా ఒళ్ళో ఉన్న పులిహోర డబ్బా చూసుకుంటూ కూర్చున్నాను.

"ఆంటీ, ఒకటి అడగనా?"

"అడుగు బిడ్డా."

"ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పిన ఆ డాక్టర్ పేపర్. అది మీకు నిజంగా తర్వాతే తెలిసిందా?"

నేను వెనక్కి తిరిగాను. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

"లేదు" అన్నాను. "ముందే చదివిన. ఆర్నెల్ల ముందు."

ఆమె నన్ను ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది. ఎయిర్‌పోర్ట్ వచ్చేదాకా క్యాబ్‌లో మాట్లాడింది ఆ ఫోనొక్కటే.

డ్రైవర్ చక్రాల కుర్చీ కోసం లోపలికి వెళ్ళాడు. నేను దిగి, బండి వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఆమె వైపు తలుపు తీశాను. దిగేటప్పుడు తల తగలకుండా తలుపు పైచట్రానికి అరచెయ్యి ఆనించాను.

ఆమె దిగలేదు. నా చెయ్యి చూస్తూ కూర్చుంది. నా చెయ్యి కింద నుంచి దిగదని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. చెయ్యి తీసేశాను. అప్పుడు దిగింది.